మాత్రల్లేని సాక్ష్యము



ఈ సంగతి మా సంఘములో చాలామందికి తెలుసు గనుక దాచవలసినది ఏమీ లేదు. తెలియనివారి కోసం మొదటినుంచి రాస్తున్నాము. ఇది మా ఇంటిలోనే జరిగినది. ఇందులో మా తప్పు ఉన్నది, అదీ రాస్తున్నాము. మా శ్రీమతిని అడిగితే, "రాయండి. కాని నా బరువు తగ్గించి రాయొద్దు, ఉన్నది ఉన్నట్టు రాయండి" అన్నది. అందుకే అంకెలతో సహా రాస్తున్నాము.

2015లో ఆమె బరువు 112 కిలోలు. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. వయసు 35. చక్కెర జబ్బుకు పూటపూటా మాత్రలు, బి.పి.కి వేరే మాత్ర, మోకాళ్ళకు పూసుకునే తైలము. రాత్రి నిద్రలో గురక పెడుతూ పెడుతూ ఊపిరి ఆగిపోయేది. ఉలిక్కిపడి లేచేది. ఆమెతోపాటు మేమూ లేచి కూర్చునేవాళ్ళము. నిమ్మనపల్లెనుంచి మదనపల్లె పోయే బస్సులో ఇద్దరు కూర్చునే సీటులో ఆమె కూర్చుంటే మేము నిలబడి పోయేవాళ్ళము. ఒకనాడు కండక్టరు "రెండు టికెట్లా అమ్మా?" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ రాత్రి సంగటి ముద్ద ముట్టుకోలేదు. పెండ్లి ఇండ్లలో ప్లాస్టిక్ కుర్చీ వేస్తే, "పరవాలేదమ్మా, నిలబడతాను" అనేది. కుర్చీ విరుగుతుందని ఆమె భయం. మేము అది గమనించడానికే చాలా ఏళ్ళు పట్టింది.

"తిండి తగ్గించుకోరాదా?" అని అడిగినవారు చాలామంది. తగ్గించుకున్నది. పొద్దున్నే నడిచింది, మెంతులు నానబెట్టి తాగింది, ఎవరో చెబితే నెలపాటు ఉలవచారు, కూరగాయలతోనే గడిపింది. ఆరు కిలోలు తగ్గేది, ఎనిమిది పెరిగేది. కొందరి శరీరము అట్లా ఉంటుంది. అది తిండిపోతుతనము అని పుల్పిట్ మీదనుంచి మాట్లాడడం సులభమే. మేము కూడా పరిచర్య మొదట్లో అట్లాంటి మాటలు మాట్లాడినవారమే.

ఆమె తమ్ముడు కువైట్‌లో డ్రైవరు. మన మదనపల్లె, రాయచోటి వైపునుంచి ఎంతమంది అక్కడ ఉన్నారో మీకు తెలుసు. అతను పనిచేసే ఇంటి యజమానురాలికి కడుపు ఆపరేషను చేసి సగానికి సగం బరువు తగ్గిందట. "అక్కకు చేయిద్దాము బావా, డబ్బు నేను పంపిస్తాను" అన్నాడు. అప్పటికి పేపర్లలో కూడా ఆ ఆపరేషను మాట బాగా వినబడుతున్నది. 2011లో నితిన్ గడ్కరీగారు, 2014లో అరుణ్ జైట్లీగారు చేయించుకున్నారని వచ్చింది. అంత పెద్దవాళ్ళే చేయించుకున్నారంటే ప్రమాదము లేదని మాకు ధైర్యము వచ్చింది. బెంగుళూరులో ఒక ఆసుపత్రిలో చేయించాము.

మన ఊళ్ళలో ఆ ఆపరేషను అంటే కొవ్వు కోసి బయట పారేస్తారనుకుంటారు. అది కాదు. ఆమెకు చేసినదానిని గ్యాస్ట్రిక్ బైపాస్ అంటారు. కడుపు పైభాగాన కోడిగుడ్డంత చిన్న సంచి మాత్రం మిగిల్చి, మిగతా కడుపును వేరు చేసి, చిన్న పేగును కింద ఒకచోట తెంచి ఆ సంచికి కలుపుతారు. తిన్నది పెద్ద కడుపులోకి, పేగు మొదటి భాగములోకి పోకుండా నేరుగా కిందికి దిగిపోతుంది. 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటో అనే డాక్టర్లు దీనిని మొదట బరువు తగ్గడానికి చేశారు. పుండు జబ్బుకోసం కడుపులో కొంత తీసివేసినవాళ్ళు చిక్కిపోయి, మళ్ళీ ఒళ్ళు చేయకపోవడం మేసన్‌గారు గమనించారు. దానినిబట్టి ఈ ఆలోచన పుట్టింది. అంటే ఒకరికి కష్టమైన సంగతినే ఇంకొకరికి వైద్యముగా వాడుకున్నారు. ఈ మాట మేము అప్పుడే తెలుసుకొని ఉంటే ఎంత బాగుండేదో.

చెరువు కాలువ సంగతి మన రైతులకు చెప్పనవసరము లేదు. కాలువను మధ్యలో తవ్వి కింది మడికి మళ్ళిస్తే నీళ్ళు త్వరగా చేరతాయి గాని, పైన ఉన్న మడి ఎండిపోతుంది. పేగులో కూడా అంతే. ఇనుము ఎక్కువగా పేగు మొదటి భాగములోనే రక్తములోకి పోతుంది. సున్నము అనే కాల్షియం కూడా అక్కడే ఎక్కువ. బి 12 అనే విటమిను ఒంటికి పట్టాలంటే కడుపులో ఊరే రసము కావాలి. ఆ కడుపునే పక్కన పెట్టారు గదా. అందుకని బైపాస్ చేయించుకున్నవారు బతికినంతకాలము ఇనుము, కాల్షియం, బి 12, మిగతా విటమిన్లు మాత్రలుగానో ఇంజక్షనుగానో తీసుకోవాలి. ఏటేటా రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆసుపత్రివారు ఇదంతా ఇంగ్లీషులో రెండు పేజీల కాగితముమీద రాసి ఇచ్చారు. మేము దానిని భద్రముగా ఫైలులో పెట్టాము. ఫైలును బీరువాలో పెట్టాము.

మొదటి రెండేళ్ళు పండుగలాగ గడిచాయి. ఆరు వారాలకే చక్కెర మాత్రలు ఆపేశారు. కొన్ని నెలలకు బి.పి. మాత్ర కూడా అక్కర లేదన్నారు. ఏడాదికి 74 కిలోలకు వచ్చింది. 2017కు 70. 2018, 2019 రెండేళ్ళూ 68 దగ్గర నిలబడింది. గురక పోయింది. రాత్రిళ్ళు మేము నిద్రపోయాము. బస్సులో ఇద్దరము పక్కపక్కన కూర్చున్నాము. మొదటిసారి అట్లా కూర్చున్న రోజున కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

ఇక మా తప్పు దగ్గరికి వస్తాము.

2016 డిసెంబరు 31 రాత్రి కూటములో ఆమెను నిలబెట్టి మేము సాక్ష్యము చెప్పాము. "నిరుడు ఈ రోజుకు పూటకు గుప్పెడు మాత్రలు మింగిన మనిషి. ఈ రోజున ఒక్క మాత్ర కూడా లేదు!" అన్నాము. మందిరమంతా చప్పట్లు, స్తోత్రాలు. మేము చెప్పినది చక్కెర మాత్రల గురించి. కాని ఆ మాట నోటికి బాగుంది, వినేవాళ్ళకూ బాగుంది. పుంగనూరు వైపు ఒక కన్వెన్షనులో చెప్పాము. కుప్పములో చెప్పాము. పిలిచినచోటల్లా అదే మాట, "ఒక్క మాత్ర కూడా లేదు." సేవకులకు ఈ జబ్బు ఉంటుంది. జనము ఒక వాక్యానికి చప్పట్లు కొడితే దానిని ఇక వదలలేము.

2020లో కరోనా వచ్చింది. బెంగుళూరు బస్సులు ఆగిపోయాయి. బస్సులు మళ్ళీ తిరిగిన తరువాత కూడా మేము పరీక్షకు వెళ్ళలేదు. మనిషి బాగానే ఉన్నది గదా అనుకున్నాము. ఆ ఏడాది చివరికి 64 కిలోలు. 2021లో 58. 2022లో 50.

ఈ అంకెలు ఇప్పుడు వరసగా రాస్తుంటే మాకే వణుకు పుడుతున్నది. అప్పుడు మాత్రము ఒక్కొక్క అంకె ఒక్కొక్క సంతోషముగా వచ్చింది. ఆదివారము మందిరములో ఆడవాళ్ళు చుట్టూ చేరి, "అమ్మగారూ, ఇంకా సన్నబడ్డారే! పెండ్లికూతురు మాదిరి ఉండారు" అనేవారు. రవికలు మూడుసార్లు టైలరు దగ్గరికి పోయాయి. అతను పక్క కుట్లు వేసి బిగించి ఇచ్చేవాడు. చీర కుచ్చెళ్ళు ఎక్కువ వస్తున్నాయని ఆమె నవ్వుకునేది. జుట్టు రాలితే షాంపూ మార్చింది. మెట్లు ఎక్కితే ఆయాసము వస్తే, "వయసు వస్తున్నది" అన్నది. పాదాలలో చీమలు పాకినట్టు ఉంటుందని ఒకటి రెండుసార్లు అన్నది. చీకట్లో గడప దాటబోయి తూలి పడింది కూడా. చెప్పులు మార్చమన్నాము.

ఆమె మనసులో సంగతి తరువాత మాకు చెప్పింది. "తగ్గినప్పుడల్లా భయము పోయేది. మళ్ళీ పెరుగుతానేమోనని నాకు రాత్రిళ్ళు కలలు వచ్చేవి. పెరగకుంటే చాలు అనుకున్నాను. తగ్గడములో తప్పు ఉంటుందని నాకు తోచనే లేదు." ఆ భయము వట్టిది కాదు. ఆపరేషను చేయించుకున్నవారిలో ఎక్కువమందికి కొన్నేళ్ళకు కొంత బరువు తిరిగి వస్తుంది. స్వీడన్ దేశములో 1987లో మొదలుపెట్టి వేలమందిని ఏళ్ళతరబడి పరిశీలించారు. బైపాస్ చేయించుకున్నవారు మొదటి ఏడాది రెండేళ్ళలో సగటున నూటికి 32 వంతుల బరువు తగ్గారు. పదేళ్ళకు అది నూటికి 25 వంతులకు వచ్చింది. అంటే రెండేళ్ళకు అడుగు తగిలి, నిలబడి, తరువాత కొంచెం పైకి రావడము మామూలు దారి. ఆ లెక్కన మా శ్రీమతి 76 దగ్గర ఆగి, మెల్లగా కొంత పెరిగినా ఎవరూ ఆశ్చర్యపోనవసరము లేదు. నాలుగో ఏట, అయిదో ఏట, ఏడో ఏట తగ్గుతూ పోవడము ఆపరేషను చేసే పని కాదు. ఇంకేదో చేస్తున్నది.

ఆ సంగతి మాకు చెప్పినది డాక్టరు కాదు. మా సంఘములో అందరమూ అవ్వ అని పిలిచే పెద్దావిడ. ఎనభై దాటిన మనిషి, కన్ను సరిగా ఆనదు. 2023 జూన్‌లో ఒక సాయంత్రము కొంగులో నాలుగు టమాటాలు కట్టుకొని వచ్చింది. మా శ్రీమతి చెయ్యి పట్టుకొని మణికట్టు తడిమింది. మోచేయి తడిమింది. ఆమె లోపలికి పోయాక మాతో మెల్లగా అన్నది.

"అయ్యగారూ, నేను చెప్పినానని తప్పుగా అనుకోవద్దు. అమ్మగారు చిక్కిపోతా ఉండారు."

"అది ఆపరేషను వల్ల అవ్వా. దేవుడు కార్యము చేశాడు గదా."

"ఎన్నేండ్లయింది ఆపరేషను?"

"ఎనిమిదో ఏడు నడుస్తున్నది."

"ఎనిమిదేండ్లకు కూడా తగ్గుతానే ఉంటాదా అయ్యా? యాడ నిలబడాల్నో దానికి తెలీదా?"

మాకు కోపము వచ్చింది, నిజము చెప్పాలంటే. ఆమె ఆగలేదు. "మా అత్త ఇట్లనే చిక్కిపోయింది. ఆరోగ్యవరములో ఉండింది. మా కాలములో ఇట్ల చిక్కిపోతే ఎవురూ చప్పట్లు కొట్టేవాళ్ళు కాదు. బండి కట్టేవాళ్ళు."

ఆరోగ్యవరము అంటే చిన్నవాళ్ళకు ఒక ఆసుపత్రి పేరుగానే తెలుసు. మదనపల్లె దగ్గర 1915లో అనేక మిషనులు కలిసి తెరిచిన క్షయ శానిటోరియం అది. డెన్మార్క్ దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్‌గారు దానిని నడిపించారు. తరువాత ఆయన కుమారుడు యోహాన్నెస్‌గారు అదే పరిచర్యలో ఉండి, 1950నుంచి మదనపల్లె చుట్టుపక్కల గ్రామాల్లో క్షయ ఎంతమందికి ఉన్నదో పరిశోధన చేశారు. స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు రాకముందు శానిటోరియంలలో వైద్యమంటే మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి. రోగి కోలుకుంటున్నాడో లేదో చూసుకోవడానికి పెద్ద గుర్తు బరువే. కిలో పెరిగితే ఇంటికి సంతోషముగా ఉత్తరము రాసేవారు. జబ్బు పేరే క్షయ. తరుగుదల అని అర్థము. ఆ పేరు నోటితో పలుకుతూ పెరిగిన ఊరివాళ్ళము మేము. మా ఇంట్లో మనిషి తరిగిపోతుంటే స్తోత్రాలు చెప్పించాము.

ఆ రాత్రి ఆమె నుదుటిమీద చెయ్యి పెట్టి చూశాము. వెచ్చగా ఉన్నది. "రోజూ సాయంత్రము ఇట్లానే ఉంటుంది, పనివల్ల" అన్నది. దగ్గు ఉన్నదా అంటే లేదన్నది. చెమట? "రాత్రి దిండు తడుస్తుంది, ఎండాకాలము గదా." మరునాడు మందుల షాపు దగ్గర మిషను ఎక్కించాము. 41 కిలోలు. ఉన్న బరువులో నూటికి 63 వంతులు పోయాయి.

మదనపల్లెలో ఒక డాక్టరమ్మగారి దగ్గరికి తీసుకుపోయాము. అన్నీ విని ఆమె అడిగారు, "ఆపరేషను తరువాత ఏ ఏ మాత్రలు వాడుతున్నారు?" అలవాటు ఎంత పాడుదో చూడండి. మా నోటినుంచి ఆ పాత మాటే వచ్చింది. "ఒక్క మాత్ర కూడా లేదు డాక్టరుగారూ."

ఆమె కలము బల్లమీద పెట్టారు. "ఎప్పటినుంచి?"

మేము శ్రీమతి వైపు చూశాము. ఆమె తల దించుకొని ఉన్నది. డాక్టరుగారు మమ్మల్ని కాసేపు బయట కూర్చోమన్నారు.

బయట బెంచీమీద కూర్చున్న తరువాత చెప్పింది. మొదటి ఏడాది అంతా కాగితములో ఉన్నట్టే వేసుకున్నది. 2017లో ఒకనాడు ప్రార్థనకు వచ్చిన ఒక సహోదరి కిటికీలో కాల్షియం డబ్బా చూసి, "మాత్రలు లేవని అయ్యగారు చెప్పినారే అమ్మగారూ?" అన్నదట. మనసులో ఏమీ పెట్టుకొని అన్న మాట కాదు. మా శ్రీమతి ఆ డబ్బాలను రాగిపిండి డబ్బా వెనుకకు మార్చింది. కొన్నాళ్ళు చాటుగా వేసుకున్నది. చాటుగా వేసుకోవడము దొంగతనములాగ అనిపించింది. "మీరు అన్ని ఊళ్ళలో చెబుతున్నారు. మీ మాట అబద్ధము కాకూడదనుకున్నాను. నెమ్మదిగా ఆపేశాను. ఆపినా ఏమీ కాలేదు, బాగానే ఉన్నాను. అప్పుడు నిజముగానే అక్కర లేదేమో అనుకున్నాను."

ఏమీ కాకపోవడానికి కారణము డాక్టరుగారు తరువాత చెప్పారు. బి 12ను మన కాలేయము కొన్నేళ్ళకు సరిపడా దాచుకొని ఉంటుంది. మాత్ర ఆపినా ఆ నిలువ ఖర్చవుతూ ఉంటుంది. నిలువ అయిపోయాక నరాలు దెబ్బతినడం మొదలవుతుంది. పాదాలలో చీమలు, చీకట్లో తూలడము అదే. చెప్పులు కాదు.

ఆ బెంచీమీద మేము ఏమి మాట్లాడామో మాకు సరిగా గుర్తు లేదు. క్షమించమని అడిగినట్టు గుర్తు. "ఇప్పుడు అవన్నీ ఎందుకు, లోపలికి పిలుస్తున్నారు" అన్నది.

రక్తము అయిదున్నర గ్రాములు ఉన్నది. బి 12 అడుగంటింది. మాంసకృత్తులు తక్కువ. కాని డాక్టరుగారికి అది చాలలేదు. సాయంత్రపు జ్వరము, రాత్రి చెమట ఆమెకు నచ్చలేదు. స్కానింగు చేయిస్తే కడుపులో గ్రంథులు ఉబ్బి ఉన్నాయి. వేలూరు పంపారు. సూదితో ముక్క తీసి పరీక్ష చేసి, క్షయ అని తేల్చారు. ఊపిరితిత్తులకు కాదు, కడుపులోని గ్రంథులకు. అందుకే దగ్గు లేదు. క్షయ అంటే దగ్గే అని మేము అనుకున్నాము. జుట్టు, గోళ్ళు తప్ప ఏ భాగానికైనా రావచ్చునట. కడుపులో భాగము తీసివేసినవారికి, పేగు దారి మళ్ళించినవారికి, ఒంట్లో పోషణ తగ్గినవారికి నిద్రపోతున్న క్షయ లేచే అవకాశము ఎక్కువ అని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్న మాటేనట. మన దేశములో ఎంతోమంది శరీరాల్లో ఆ క్రిమి నిద్రపోతూ ఉంటుంది. ప్రపంచములోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మనవాళ్ళే.

ఫరో కన్న కలను మేము ఎన్నిసార్లో బోధించాము. చిక్కిన ఆవులు బలిసిన ఆవులను తినివేసినా, తిన్నట్టే కనబడలేదు. కరువును గురించిన కల అని చెప్పి ముందుకు పోయేవాళ్ళము. మా ఇంట్లో ఆమె రోజూ తింటూనే ఉన్నది. గుడ్డు తిన్నది, పప్పు తిన్నది. తిన్నట్టే కనబడలేదు.

మందులు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోనే ఉచితముగా ఇచ్చారు. ఆరు నెలలు, ఒక్క రోజు తప్పకుండా. మాత్రల సంఖ్య బరువును బట్టి ఉంటుంది. ఆమె బరువుకు రోజుకు మూడు. పరగడుపున ఆ మూడు మింగాలి. మొదటి రోజు మూత్రము ఎర్రగా వస్తే హడలిపోయింది. ఆశా కార్యకర్త వచ్చి, "అది మందు రంగమ్మా, భయపడొద్దు" అని చెప్పి పోయింది. అప్పట్లో నెలకు 500 రూపాయలు పోషణకోసం ప్రభుత్వము బ్యాంకులో వేసేది. 2024 నవంబరునుంచి అది 1000 చేశారు. మేము ఆ డబ్బుతో గుడ్లు, శెనక్కాయలు కొన్నాము. చిన్న కడుపు గనుక ఒక్కసారి ఎక్కువ పట్టదు. రోజుకు ఆరుసార్లు పెట్టాము. ముందు పప్పు, గుడ్డు, ఆ తరువాతే సంగటి. బెల్లము ఎక్కువ తింటే గుండె దడ, చెమటలు వస్తాయి గనుక పాయసము మాత్రము దూరము. పేగు దారి మళ్ళించినవారికి క్షయ మందు కూడా సరిగా పట్టకపోవచ్చునని వేలూరు డాక్టర్లు జాగ్రత్తగా చూసుకున్నారు. ఇనుము నోటిద్వారా ఇస్తే లాభము లేదని నరానికి ఎక్కించారు. బి 12 ఇంజక్షను మొదట వారానికి, తరువాత నెలకు.

మందు మొదలుపెట్టిన అయిదో వారములో ఒక కిలో పెరిగింది. ఆమె ముఖములో భయము చూశాము. ఎనిమిదేళ్ళనుంచి పెరగడమే శత్రువు గదా. మిషను దిగి, "పెరిగింది" అని నేరము ఒప్పుకున్నట్టు చెప్పింది. మాకు మాత్రము ఆ రోజు భోజనము రుచించింది.

ఆ వచ్చే ఆదివారము మందిరములో నిలబడి, మేము ఇన్నేళ్ళుగా చెప్పిన సాక్ష్యము సగమే నిజమని చెప్పాము. చక్కెర మాత్రలు ఆగిన మాట నిజము, బతికినంతకాలము వేసుకోవలసిన మాత్రలు ఉన్నాయన్న మాట మేము ఎప్పుడూ చెప్పలేదు, దానివల్ల ఏమి జరిగిందో చెప్పాము. చప్పట్లు రాలేదు. వెనుక వరుసలో ఒక తమ్ముడు లేచి, తన భార్యకు థైరాయిడ్ మాత్రలు మానిపించి మూడు నెలలయిందని, రేపే మళ్ళీ మొదలుపెడతామని చెప్పి కూర్చున్నాడు. అతను ఎందుకు మానిపించాడో మేము అడగలేదు. మా పాత సాక్ష్యము విన్నవాడే. పుంగనూరు, కుప్పము సంఘాల సేవకులకు కూడా ఫోను చేసి చెప్పాము. ఇంకా మేము చెప్పినచోట్లు ఎన్నో ఉన్నాయి. అన్నీ గుర్తు లేవు. ఈ పత్రికలో రాయడానికి అది కూడా ఒక కారణము.

ఆ ఆపరేషను చెడ్డదని ఎవరూ అనుకోవద్దు. మా శ్రీమతికి చక్కెర జబ్బు ఇప్పటికీ తిరిగి రాలేదు. రాత్రి ఊపిరి ఆగడము లేదు. చేయించుకోవలసి వస్తే మళ్ళీ చేయించుకుంటానంటుంది. మీ ఇండ్లలో చేయించుకున్నవారు ఉంటే ఆ ఇంగ్లీషు కాగితాన్ని బీరువాలోనుంచి తీయండి, చదవగలవారిచేత తెలుగులో చెప్పించుకోండి, గోడకు అంటించండి. నెలకొకసారి బరువు రాసిపెట్టండి. రెండేళ్ళు దాటిన తరువాత కూడా తగ్గుతూ ఉంటే మందిరములో చెప్పకముందు డాక్టరుకు చెప్పండి. సాయంత్రపు జ్వరమో, రాత్రి చెమటో, మెడలోనో చంకలోనో గడ్డలో, పాదాల తిమ్మిరో, అన్నము తిన్నాక వచ్చిపోయే కడుపునొప్పో ఉంటే ఇంకా త్వరగా పోవాలి. ఆగకుండా వాంతులవుతుంటే వారాలు కాదు, ఆ రోజే పోవాలి. విటమిన్ బి 1 తగ్గితే మెదడుకు దెబ్బ తగులుతుందని డాక్టరమ్మగారు గట్టిగా చెప్పారు. డాక్టరు ఏ జబ్బుకు చూస్తున్నా, ఈ ఆపరేషను అయిందని ముందుగా చెప్పండి. మొదట మమ్మల్ని చూసిన ఇంకొక డాక్టరుకు మేము చెప్పనే లేదు, ఆయన బలానికి టానిక్కు రాసి పంపించారు. తప్పు ఆయనది కాదు.

పాదాల తిమ్మిరి పూర్తిగా పోలేదు. రాత్రిపూట గడప దగ్గర మా చెయ్యి పట్టుకుంటుంది. నరాలు ఎంతవరకు కోలుకుంటాయో కాలమే చెప్పాలన్నారు. ఆలస్యము చేసినందుకు మిగిలినది అది.

ఇప్పుడు 54 కిలోలు. మాత్రల డబ్బా కిటికీలో ఉన్నది, వచ్చినవాళ్ళందరికీ కనబడేచోట. బి 12 ఇంజక్షను తేదీకి క్యాలెండరుమీద ఎర్ర సున్న చుడుతుంది. పోయిన నెల రవికలన్నీ సంచిలో వేసుకొని టైలరు దగ్గరికి పోయింది. కొత్త గుడ్డ కొనాలేమోనని అడిగితే, అతను కుట్లు తిప్పి చూపించి, "లోపల గుడ్డ కత్తిరించలేదు అమ్మగారూ, మడిచే పెట్టినాను. విప్పితే సరిపోతాది" అన్నాడట. విప్పడానికి రవికకు పది రూపాయలు తీసుకున్నాడు.